పింగాణీ మడికి పనికిరాదు

నూతి గట్టు మీద దీపానికి ఇత్తడి హోల్డరు బిగించిన మనిషి ఎవరైనా సరే, ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక గంటసేపు తిట్టాలని నాకుంది. పదిహేనేళ్ళు మద్రాసులో ఎలక్ట్రిక్ పనికి ఫోర్‌మన్‌గా ఉన్నాను. పనిలో చేరిన ప్రతివాడికీ మొదటిరోజు నేను చెప్పిన పాఠం ఒకటే. తడి తగిలే చోటా, వాన పడే చోటా పింగాణీ హోల్డరే వెయ్యాలి. దానిమీద గాజు గిన్నె మూత బిగించాలి. స్విచ్చి పొడిగా ఉన్న గోడకి పెట్టాలి. ఇందులో అర్థం కానిదేముంది? డిటెక్టివ్ పనిలోకి దిగి ఆరేళ్ళయినా అదే పాఠం చెబుతున్నాను, ఇప్పటికీ ఎవరూ వినడం లేదు.

"పదకొండూ పది," అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు మన్మథరావు, జేబుగడియారం చూసుకుని. "రెండింటికి యలమంచిలి మోటారు బస్సు. మత్స్యలింగం దాంట్లో ఎక్కుతాడు. అక్కణ్ణించి రైలు, తరవాత విశాఖపట్నం జైలు. ఈలోపల మీరు ఈ నూతిని ఎంతసేపు చూసినా నాకు అభ్యంతరం లేదు యాజులుగారూ."

చనిపోయింది ప్లీడరు సూర్యనారాయణమూర్తిగారు. ఇంటి వెనకే ఆయన బియ్యం మిల్లు, మిల్లులో ఆయిలింజను, దానికి కరెంటు పుట్టించే డైనమో ఒకటి. అక్కణ్ణించి ఇంటికి తీగలు లాగించి హాల్లో రెండు దీపాలు, నూతి గట్టు మీద ఒకటి పెట్టించుకున్నారు. సోమవారం తెల్లవారుజామున నాలుగూ ఇరవైకి ఆ నూతి దీపం వెలిగించబోయి, హోల్డరు పట్టుకున్నవారు పట్టుకున్నట్టే పడిపోయారు. ఇవాళ బుధవారం.

తీగలు లాగినవాడు మత్స్యలింగం. నా చేతికింద నాలుగేళ్ళు పని నేర్చుకున్నవాడు. అతని పెళ్ళాం అప్పయమ్మ నిన్న విశాఖపట్నంలో మా అరుగుమీద కూర్చుని, "ఆడి మీద కూనీ కేసు రాసీసినారు బాబూ. మీరు బేగి రాపోతే ఆడు మరి ఇంటికి రాడు," అంది. ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒక సమాధానం చెప్పి పంపించేవాణ్ణేమో, ఏడవలేదు గనకే రాత్రి రైలెక్కాను.

పొద్దున్న స్టేషన్లో మత్స్యలింగాన్ని చూశాను. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు, మద్రాసులో నిలబడ్డట్టే.

"నాను పింగాణీదే ఏసినాను బాబూ. గాజు గిన్నె మూతెట్టినాను. స్విచ్చి హాలు గోడకెట్టినాను. మీరు సెప్పినట్టే సేసినాను."

"మరి ఇత్తడిది ఎలా వచ్చింది?"

"మూడు వారాల కిందట బాబుగారి అక్క, పెద్దమ్మగారు, మార్సమన్నారు. మార్సనన్నాను. మిల్లు సింగన్న సేత ఏయించీసినారు. శనోరం పనికెల్తే సూసినాను. 'బాబుగారూ, ఆ దీపం తియ్యకపోతే మీ ఇంట్లో ఎవరో సచ్చిపోతారు' అనీసినాను. ఆయన కోప్పడినారు. నాకూ కోపమొచ్చి సామాన్లు ఒగ్గీసి గొలుగొండ ఎల్లిపోనాను."

ఇదీ మన్మథరావు చేతిలో ఉన్న ఆయుధం. మత్స్యలింగం చేసిన హెచ్చరికని బెదిరింపు అని రాసుకున్నాడు.

"పదిమంది ముందు అన్నాడు, చచ్చిపోతారని. రెండురోజుల్లో చచ్చిపోయారు," అన్నాడు మన్మథరావు ఇప్పుడు నూతి గట్టు మీద నిలబడి. "ఇంకేం కావాలి?"

"మీ ఇల్లు పడిపోతుందని తాపీమేస్త్రి చెబితే, పడిపోయాక మేస్త్రిని పట్టుకుంటారా?"

"ముందు మీరు చూడవలసింది చూడండి," అన్నాడు.

సింగన్న చేత ఇంజను ఆపించి, ఇంజను గది తాళంచెవి నా జేబులో వేసుకున్నాకే హోల్డరు మీద చెయ్యి వేశాను. గట్టు చుట్టూ నడుమెత్తు గోడ, మూలని ఒక స్తంభం. స్తంభానికి చెక్క దిమ్మ, దిమ్మ మీద ఇత్తడి హోల్డరు, దాని పక్కనే తిప్పడానికి ఇత్తడి మీట. కింద రాతి పలకలు, వాటిమీద ఎప్పుడూ ఆరని తడి. గట్టు ఎక్కే ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి నీళ్ళ గాబు. అంటే తడి కాళ్ళతో తడి రాయి మీద నిలబడి, తడి చేత్తో ఇత్తడి మీట తిప్పాలి. మనుషుల్ని చంపడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు నేనైతే చెయ్యలేను.

స్క్రూడ్రైవరుతో హోల్డరు మూత విప్పాను. లోపల ఒక రాగి పోగు తోటి పోగుల్లోంచి విడిపోయి, వంగి, ఇత్తడి మూతని ఆనుకుని ఉంది.

"చూశారా, పని శుభ్రం లేదు," అన్నాడు మన్మథరావు.

"పని శుభ్రం లేకపోతే పోగు చిందరవందరగా ఉంటుంది. ఇది గోటితో మడిచినట్టుంది. పైగా మూడు వారాలు వెలిగిన దీపం ఇది. పోగు మొదటినుంచీ ఇలాగే ఉంటే మొదటిరోజే ఎవరో ఒకరు పోవాలి కదా?"

"కరెంటు సంగతి నాకు తెలీదు. కోర్టు సంగతి తెలుసు. కోర్టుకి మీ పోగులు కనపడవు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అతను చెప్పింది నిజం కావడం వల్ల ఇంకా మండింది. నా కంటికి పట్టపగల్లా కనిపిస్తున్నది మేజిస్ట్రేటుకి కనిపించేట్టు చెయ్యలేకపోతే నా పదిహేనేళ్ళ పనితనం ఎందుకు?

అప్పుడు చూశాను మరమేకుల్ని, అంటే స్క్రూల్ని. హోల్డరుకి నాలుగున్నాయి. రెండు హోల్డరుని చెక్క దిమ్మకి పట్టి ఉంచేవి, రెండు మూతని పట్టి ఉంచేవి. దిమ్మ మరమేకుల తలగాడుల్లో ఎండిపోయిన పిప్పి ఏదో గట్టిగా కూరుకుపోయి, అంచులకి పచ్చగా చిలుం పట్టింది. మూత మరమేకుల గాడులు మాత్రం నేను స్క్రూడ్రైవరు పెట్టకముందే శుభ్రంగా మెరుస్తున్నాయి, విప్పుతుంటే పిప్పి రాలలేదు. నేనిప్పుడు పెట్టిన స్క్రూడ్రైవరు గీతలు కొత్తవే, కాని వాటి కింద ఇంకో జత గీతలున్నాయి.

"పనిమనిషిని పిలవండి," అన్నాను.

లోవమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి దూరంగా నిలబడింది. పోలీసుని చూసి ముఖం బిగించుకుంది.

"ఈ దీపం నువ్వు తోముతావా?"

"తోముతాను బాబూ. ఇత్తడి కదేటి. సెంబులూ బిందెలూ తోమినప్పుడు దీన్నీ తోమీమంటారు అమ్మగారు. పగలు డైనమో ఏయరు కదా, భయం లేదు."

"దేంతో తోముతావు?"

"సింతపండూ బూడిదీను."

ఇత్తడి దీపాన్ని చింతపండు పెట్టి తోమే ఇంటికి కరెంటు ఇచ్చిన దేవుణ్ణి ఏమనాలో నాకు తెలీదు.

"ఈ గాడుల్లో ఇరుక్కున్న పిప్పి?"

"అదెన్నిమార్లు కడిగినా రాదు బాబూ. పుల్లెట్టి గోకితే గాని రాదు. దానికెవుడు గోకుతాడు?"

"ఆఖరిసారి ఎప్పుడు తోమావు?"

"ఆదోరం మద్దేనం. మూడు గంటలై ఉంటాది. మళ్ళీ ముట్టుకోలేదు."

నా సంచీలోంచి అలాంటి ఇత్తడి మరమేకే ఒకటి తీసి ఇచ్చాను. తోమమన్నాను. ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, చింతపండు తెచ్చి తోమి, రెండు చెంబుల నీళ్ళు పోసి ఇచ్చింది. గాడి నిండా పిప్పి. మన్మథరావు చేతిలో పెట్టాను.

"లోవమ్మ తోమితే గాడులన్నీ నిండుతాయి. ఆ రెండిట్లో మాత్రం లేదు. అంటే ఆదివారం మూడుగంటల తరవాత ఎవరో స్క్రూడ్రైవరు పెట్టి మూత విప్పారు. చింతపండు పిప్పి కోర్టుకి కనపడుతుందా?"

అతను మరమేకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మత్స్యలింగమే వచ్చి విప్పి ఉండొచ్చు," అన్నాడు.

"మీ రిపోర్టు ఒకసారి ఇప్పించండి."

ఇవ్వడానికి ఇష్టం లేదు, అయినా ఇచ్చాడు. రెండో పేజీలో ఉంది నాకు కావలసింది. "ముద్దాయి శనివారం సాయంత్రం నుంచి సోమవారం మధ్యాహ్నం అరెస్టు చేసేవరకూ గొలుగొండలో దాగి ఉన్నాడు. అతను మునసబుగారి వసారాలోంచి కదలలేదని మునసబు వాఙ్మూలం." గట్టిగా చదివాను.

"పారిపోయి దాక్కున్నాడని రుజువు చెయ్యడానికి మీరే రాయించారు. కదలలేదని మునసబు చేత సంతకం పెట్టించారు. కదలని మనిషి పది మైళ్ళు వచ్చి ఈ మూత ఎలా విప్పాడో అది కూడా రాయండి."

మన్మథరావు చెవులు ఎర్రబడ్డాయి. మంచివాడే, కాని ఒకసారి రాసినదాన్ని కొట్టెయ్యడం అతనికి ప్రాణం పోయినంత పని.

"అయితే ఎవరు? పేరు చెప్పండి," అన్నాడు. "పేరు లేకుండా ఉన్న ముద్దాయిని వదిలేస్తే నా ఉద్యోగం ఉండదు. పన్నెండున్నరయింది. పేరు లేకపోతే మోటారు రెండింటికి వెళుతుంది."

పేరు. నా దగ్గర ఉన్నవి వేళలు మాత్రమే. సింగన్నని వస్తూనే అడిగాను. దీపాలకి డైనమో సాయంత్రం ఆరింటికి వేస్తాడు, తొమ్మిదింటికి ఆపుతాడు. కార్తీకమాసమని మళ్ళీ తెల్లవారుజామున నాలుగింటికి వేస్తున్నాడు. ఆదివారం సాయంత్రం ఏడింటికి ఈ దీపం ఎప్పట్లాగే వెలిగింది, తొమ్మిదింటికి మీట తిప్పి ఆర్పేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. అంటే పోగు వంచింది రాత్రి తొమ్మిదికీ తెల్లవారి నాలుగుకీ మధ్య. దొడ్డి గోడలమీద గాజు పెంకులు, వీధి తలుపుకీ దొడ్డి తలుపుకీ లోపలి గడియలు. లోపల ఉన్నవాళ్ళు ముగ్గురు. చనిపోయిన మూర్తిగారు, ఆయన అక్కగారు వర్ధనమ్మగారు, మేనల్లుడు రమణబాబు.

తల్లి పోయాక రమణబాబు తన మూడో ఏట ఈ ఇంటికొచ్చాడు. వర్ధనమ్మగారే పెంచారు. విజయనగరంలో ఫిజిక్సు చదివి, మాష్టరీ ఉద్యోగం కోసం చూస్తున్నాడు. మూర్తిగారికి పిల్లలు లేరు గనక కర్మ అతనే చేస్తున్నాడు. పొద్దున్న బలిఘట్టం ఏటికి బయలుదేరుతూ గుమ్మంలో నాకు ఎదురై, గుండు చేయించుకున్న తల వంచి, "మత్స్యలింగం అలాంటివాడు కాదండీ. ఇది ఉత్త ప్రమాదం. ఎలాగైనా అతన్ని తప్పించండి," అన్నాడు. ఈ ఊళ్ళో నా పక్షాన మాట్లాడిన మొదటి మనిషి అతను.

వర్ధనమ్మగారు హాలు గుమ్మానికి అవతల చాప మీద కూర్చుని ఉన్నారు. అరవై దాటిన మనిషి. మన్మథరావు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"అడగవలసింది అడుగు నాయనా," అన్నారు నన్ను చూసి. "నేనే చంపానని చెప్పడానికి వచ్చావు కదూ?"

"ఎందుకలా అంటారు?"

"ఆ ఇత్తడిది పెట్టించింది నేనే కదా. మత్స్యలింగం వద్దంటూనే ఉన్నాడు."

"పింగాణీది మీకేం అడ్డొచ్చింది?"

"నువ్వూ బ్రాహ్మడివే, ఆ మాత్రం తెలీదూ? పింగాణీ మడికి పనికిరాదు. స్నానం చేసి మడి కట్టుకున్న చోట నెత్తిమీద పింగాణీ కప్పు పెట్టుకుని తిరగనా? స్విచ్చేమో హాలు గోడకి పెట్టాడు. వచ్చేపోయే క్లయింట్లందరూ ముట్టుకునే గోడ. మడితో వస్తూ దాన్ని ముట్టుకుని దీపం ఆర్పితే ఇంక మడేమిటి? ఇత్తడైతే దోషం లేదు. మీట కూడా దానికే ఉంటే వెలిగించుకోవడం, ఆర్పుకోవడం అక్కడే. రమణ మద్రాసునుంచి తెప్పించాడు. నేను అడిగితే వాడు ఏదీ కాదనడు."

ఇన్నేళ్ళు నేర్పిన పాఠంలో ఈ ముక్క నాకు తట్టనే లేదు. తడికి ఏది మంచిదో ఆలోచించాను, ఆ తడిలో నిలబడే మనిషి దేన్ని ముట్టుకుంటుందో ఆలోచించలేదు. మత్స్యలింగమూ నాలాగే ఆలోచించాడు.

"ఆ మీట ఇంట్లో ఎవరెవరు తిప్పుతారు?"

"ఇంకెవరు తిప్పుతారు, నేనే. నాలుగింటికి ఇంజను వెయ్యగానే మొదట వెళ్ళేది నేను. వెలిగిస్తాను. నా స్నానం అయ్యాక తమ్ముడు. మళ్ళీ వచ్చి నేనే ఆర్పుతాను."

మన్మథరావు కూడా విన్నాడు, ఒక అడుగు ముందుకొచ్చాడు.

"వర్ధనమ్మగారూ," అన్నాను, "ఇది ప్రమాదం కాదు. మీ ఇత్తడి వల్లా కాదు. ఆదివారం రాత్రి ఎవరో ఆ మూత విప్పి, లోపలి తీగ వంచి ఇత్తడికి ఆనించారు. కావాలని చేశారు. మొదట చెయ్యి వేసేది మీరని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. అది మీ కోసం పెట్టిందమ్మా."

నేను గడియారం చూశాను. ఒకటీ ఇరవై. ఆవిడ మీద ఎవరికి పగ ఉంటుంది? తమ్ముడికా? రమణబాబుకా? ఏదీ పొసగడం లేదు. పేరు లేదు. రోడ్డు మీద అప్పయమ్మ నిలబడి ఉంది, మోటారు వచ్చే దిక్కు చూస్తూ. ఇంత దూరం వచ్చి, ఇన్ని రుజువులు ఏరి, చివరికి ఒక గోడ ముందు నిలబడ్డాను.

"తీగ వంచారు అన్నావు," అన్నారు వర్ధనమ్మగారు. "నిజమేనా? కావాలనేనా?"

"నా పనిమీద ఒట్టు."

"అయితే అది నా కోసం పెట్టింది కాదు నాయనా."

మన్మథరావు ఏదో అనబోతే చేత్తో ఆపాను.

"సోమవారం నేను నాలుగింటికే లేచాను," అన్నారావిడ, గోడ వైపు చూస్తూ. "వసారాలో దండెం మీద నా మడిచీర ఆరేసి ఉంటుంది. కర్రతో తప్ప ఎవరూ తియ్యరు. నేను వెళ్ళేసరికి రమణ అక్కడ నిలబడి ఉన్నాడు. నిద్రకళ్ళతో తూలినట్టు తూలి దండెం పట్టుకున్నాడు. చీర వాడి మీద పడింది. మైలపడిపోయింది. పోయినేడు రొమ్ము పడిశం చేసి చావు తప్పించుకున్నాను, తడిబట్ట కట్టొద్దని డాక్టరు చెప్పాడు. వేరే మడిబట్ట లేదు. వాణ్ణి నాలుగు తిట్లు తిట్టాను. తమ్ముడు బలిఘట్టం గుడికి వెళ్ళాలని తొందరపడుతుంటే, నువ్వు ముందు కానిచ్చుకో, నాకు ఆలస్యమవుతుంది అన్నాను."

దండెం ఉన్న వసారా వైపు చూశారు.

"మూడో ఏట నుంచి పెంచాను. ఇరవై ఏళ్ళు. జ్వరంలో కూడా వాడు నా మడిబట్ట ముట్టుకోలేదు. చిన్నప్పుడు దండెం కిందనుంచి వంగి వెళ్ళేవాడు. ఆ ఒక్కరోజే ముట్టుకున్నాడు. తూలాడనుకున్నాను. ఇప్పుడు నువ్వు కావాలని అన్నాక తెలిసింది. నన్ను ఆపడానికి ముట్టుకున్నాడు."

మన్మథరావు జేబులోంచి పుస్తకం తీశాడు, కాని రాయలేదు. "అమ్మా, మీరు చెబుతున్నదేమిటో మీకు తెలుస్తోందా? ఇది రాస్తే వెనక్కి తీసుకోవడానికి ఉండదు."

"రాసుకో. ఆ పిల్లాడు మత్స్యలింగం నాకు మంచి చెప్పాడు. నేను వినలేదు. వాణ్ణి ఉరికి పంపిస్తే నాకు ఏ మడీ మిగలదు."

దొడ్డి తలుపు చప్పుడైంది. రమణబాబు ఏటినుంచి వచ్చాడు, ఒంటిమీద తడి అంగవస్త్రంతో. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో తెలీదు. ముఖం చూస్తే అన్నీ విన్నట్టే ఉంది. పారిపోతాడని నేను అడ్డం నడవబోయాను. అతను కదల్లేదు. నావైపు గాని పోలీసు వైపు గాని చూడలేదు.

"రమణబాబూ, నిజమేనా?" అన్నాడు మన్మథరావు.

"నిజమే," అన్నాడు.

మన్మథరావు వీధిలోకి వెళ్ళి కానిస్టేబులుని కేకేశాడు. "స్టేషనుకెళ్ళి మత్స్యలింగం సంకెళ్ళు విప్పమను. మోటారు ఎక్కించొద్దు," అని అతను అంటుంటే స్పష్టంగా వినిపించింది. పొద్దున్నుంచి ఆ మాట కోసమే పెనుగులాడాను. తీరా విన్నాక సంతోషం కలగలేదు.

రమణబాబు వచ్చి చాపకి రెండు బారల దూరంలో, ఆవిడకి తగలకుండా కూర్చున్నాడు.

"కార్తీకం వెళ్ళగానే నిన్ను కాశీ తీసికెళ్ళి అక్కడే వదిలేసి వస్తానని మామయ్య సత్రానికి ఉత్తరం రాశాడు దొడ్డమ్మా," అన్నాడు. "నేను చూశాను ఆ ఉత్తరం. అక్కడ నీకెవరున్నారు? నిన్ను చూడకుండా నేనెలా ఉంటాననుకున్నాడు? అడిగితే, నీకనవసరం అన్నాడు. ఇంకేం చెయ్యను?"

వర్ధనమ్మగారు మొట్టమొదటిసారి అతని వైపు తిరిగారు. చెయ్యి చాపి అతని గుండు మీద పెట్టారు. ఇరవై ఏళ్ళ అలవాటుకొద్దీ అతను వెనక్కి జరగబోయాడు, ఆవిడ జరగనివ్వలేదు.

"ఆ ఉత్తరం నేనే రాయించాను రా," అన్నారు. "వాడు వద్దంటుంటే పోరి రాయించాను. ముందే చెబితే నువ్వు నన్ను వెళ్ళనివ్వవని, నీతో చెప్పొద్దని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను."